జాగ్రత్త: మిస్టరీ నవల కొనేముందు కథ కాదు, పేజీల అంకెలు చూడండి

ఏళ్ళనాటి హత్య, మూసేసిన ఫైలు, ఇంట్లోవాళ్ళంతా నోరు విప్పని ఒక సంగతి. ఇలాంటి కోల్డ్ కేస్ నవలలకి ఈమధ్య మంచి గిరాకీ ఉంది. ఆ గిరాకీ వెంటే దొంగ అచ్చులు, ఫారాలు తప్పిన కాపీలు, సగానికి కోసేసిన అనువాదాలు మన విశాఖలో కొనేవాళ్ళ చేతికి వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఫుట్‌పాత్ మీద బేరమాడినా, ద్వారకానగర్‌లో కొట్లో బిల్లు వేయించుకున్నా ఈ బెడద ఉంది. వంటల పుస్తకంలో పదహారు పేజీలు పోతే పది కూరలు పోతాయి, అంతే. మిస్టరీలో చివరి పదహారు పోతే ముందున్న మూడొందల పేజీలూ దండగే. పైగా ఆ సంగతి తెలిసేది చివరికి వచ్చాకే. అప్పటికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది.

ముందు ఫారం లెక్క తెలుసుకోండి. తెలుగు నవలలు ఎక్కువగా 1/8 డెమ్మీ సైజులో వస్తాయి. అంటే సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.6 సెంటీమీటర్ల ఎత్తు. పెద్ద కాగితానికి రెండువైపులా అచ్చువేసి మూడు మడతలు పెడితే 16 పేజీలు, అదే ఒక ఫారం. 320 పేజీల నవలంటే 20 ఫారాలు. బైండింగ్ దగ్గర వీటిని వరసగా ఏరి పేరుస్తారు. పొరపాటు జరిగేది అక్కడే. ఒక ఫారం రెండుసార్లు పడి, పక్కది పడకపోవచ్చు. ఉదాహరణకి పద్దెనిమిదో ఫారం రెండుసార్లు పడితే 273 నుంచి 288 వరకు మళ్ళీ వస్తాయి, 289 నుంచి 304 దాకా ఉండవు. పుస్తకం లావు మారదు, బరువు మారదు. చేతిలో పట్టుకుంటే అనుమానమే రాదు.

అందుకని మొత్తం తిరగేయక్కర్లేదు, ఫారం మారే చోట్లు చూస్తే చాలు. 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49, ఇలా 304 తర్వాత 305 దాకా. ముందుమాటలకి వేరే అంకెలు వేసి, కథ దగ్గర మళ్ళీ 1తో మొదలుపెట్టిన పుస్తకంలో ఈ చోట్లు జరుగుతాయి. ముందుమాటలు అలా 8 పేజీలు తీసుకుంటే 8-9, 24-25, 40-41 దగ్గర చూడాలి. చివరి ఫారాలు చూసేటప్పుడు మాత్రం బిల్లు కాగితంతో పేజీని కప్పేసి అంకె ఒక్కటే చూడండి. తనిఖీ పేరుతో హంతకుడి పేరు కంటబడితే ఆ నష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వరు.

ఇంకో లోపం కాగితానికి ఒకవైపే అచ్చు పడటం. అప్పుడు ఆ ఫారంలో 2-3, 6-7, 10-11, 14-15 పేజీలు తెల్లగా ఉంటాయి. అంటే రెండు ఖాళీ, రెండు నిండు, మళ్ళీ రెండు ఖాళీ. ఇలాంటి నవలల్లో రచయితలు చిత్రంగా ఏవేవో చేస్తుంటారు కాబట్టి, డైరీలో చింపేసిన పేజీలని సూచించడానికి కావాలనే ఖాళీగా వదిలారేమో అనుకునేవాళ్ళున్నారు. ఈ వరసలో ఖాళీలొస్తే అది శిల్పం కాదు, ప్రెస్సు తప్పు.

కథ సరిగ్గా 304వ పేజీలో, అంటే పదహారుతో నిశ్శేషంగా భాగించబడే అంకె దగ్గర, పేజీ అడుగు దాకా వచ్చి ఆగిపోయిందనుకోండి. తర్వాత ఖాళీ పేజీ లేదు, ప్రచురణకర్త ఇతర పుస్తకాల ప్రకటనా లేదు. అప్పుడు అనుమానించాల్సిందే. నిజంగా అక్కడే ముగిసే నవలలు లేకపోలేదుగానీ తక్కువ. ఆన్‌లైన్ అమ్మకం పేజీలో ఇచ్చిన పేజీల సంఖ్యతో పోల్చుకోండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అదే ముద్రణ దొరికితే ఇంకా మంచిది.

దొంగ అచ్చుల సంగతి వేరు. అక్కడ ఫారం తప్పడం ఒక్కటే కాదు, కాగితమే తేడా. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) మ్యాప్‌లిథో కాగితం మీద వేసిన 320 పేజీల డెమ్మీ నవలలో కాగితం బరువు 339 గ్రాములు వస్తుంది. అట్టతో కలిపి 360 దరిదాపుల్లో ఉండాలి. అదే 54 జీఎస్ఎం నాసి కాగితమైతే అట్టతో కలిపినా 280 దరిదాపుల్లోనే ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే ఈ ఎనభై గ్రాముల తేడా కనబడిపోతుంది. ఒక ఫారం పూర్తిగా తక్కువైతే తగ్గేది సుమారు 17 గ్రాములే. అది కాటాకి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దానికి అంకెలు చూడటమే దారి.

కాగితం నార వెన్నుకి సమాంతరంగా ఉండాలి. ఖర్చు కలిసొస్తుందని అడ్డంగా కోస్తే, మన సముద్రపు చెమ్మకి వెన్ను దగ్గర అలలు తేలి పుస్తకం మూతబడదు. మధ్యలో విప్పి మెల్లగా వంచినప్పుడు జిగురు చిట్లిన చప్పుడై, ఒక ఆకు లాగితే వచ్చేసేలా ఉంటే అక్కడే వదిలేయండి. వెన్ను సరిగా గరుకు చేయకుండా జిగురు పైపైన రాసిన బైండింగ్ అది.

ఐఎస్‌బీఎన్ (బార్‌కోడ్ దగ్గర ఉండే పుస్తకం నంబరు) చూసి నమ్మేవాళ్ళు చాలామంది. పదమూడు అంకెల్ని వరసగా 1తో, 3తో మార్చి మార్చి హెచ్చించి కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా పోవాలి. పోకపోతే ఆ నంబరు తప్పు. పోయినంత మాత్రాన పుస్తకం అసలుదని కాదు, దొంగ అచ్చువాడు అట్టతోపాటు నంబరూ ఎత్తుతాడు. తెలుగులో చిన్న ప్రచురణకర్తలు కొందరు అసలు నంబరే తీసుకోరు, కాబట్టి లేకపోవడం కూడా నేరం కాదు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. బిల్లులో పుస్తకం ధర మీద పన్ను విడిగా వేస్తే ఎందుకని అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. ఫారాలన్నీ ఉన్నా కూడా దొంగ అచ్చులో ఈ రకం నవల సగం చచ్చిపోతుంది. ఎందుకంటే ఇక్కడ సాక్ష్యాలన్నీ వరసల్లో, తేదీల్లో, ఉత్తరాల్లో ఉంటాయి. మొదట ఎగరగొట్టేది వంశవృక్షం. అది రెండు పేజీలకి అడ్డంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి స్కాన్ సరిగా రాదు, తీసేస్తారు. లేదా ఒకే పేజీకి కుదించి వెన్ను దగ్గర సెంటీమీటరు మేర జిగురులో ముంచేస్తారు. మన కుటుంబాల కథలో ఆ బొమ్మ లేకుండా ముందుకు వెళ్ళడం కష్టం. మేనరికం చేసుకున్నవాడు చెట్టులో రెండుచోట్ల తగులుతాడు. దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారిపోతుంది. తాత పేరు మనవడికి పెడతారు, చనిపోయిన పెద్దకొడుకు పేరు తర్వాత పుట్టినవాడికీ పెడతారు. ఒకే పేరుగల ఇద్దరిలో ఏ అధ్యాయంలో ఎవరున్నారో చెప్పేది అధ్యాయం నెత్తిన వేసిన సంవత్సరమే. దాన్ని లేత బూడిదరంగులో వేసి ఉంటే దొంగ అచ్చులో అదీ మాయం.

అంకెల గతి ఇంకా ఘోరం. నాసి స్కాన్‌లో 3 నిండిపోయి 8లా కనిపిస్తుంది, 1కీ 7కీ తేడా పోతుంది. బీరువాలో దొరికిన ఉత్తరం మీద 1983 అని ఉన్నది 1988 అని చదువుకున్నారనుకోండి. ఆ అయిదేళ్ళలో ఇంటికి కోడలు వచ్చి ఉంటుంది, మామగారు పోయి ఉంటారు. పాఠకుడు మూడొందల పేజీలు తప్పు మనిషిని అనుమానిస్తూ కూర్చుంటాడు. అక్షరాల్లో కూడా సన్నని వత్తులు రాలిపోతాయి, థ నడుమ చుక్క ఎగిరిపోయి ధ అవుతుంది. కొనేముందు ఒక పని చేయండి: లోపల ఉత్తరమో, పంచనామానో, పాత దినపత్రిక ముక్కో ఉన్న పేజీ వెతికి అందులో తేదీలు స్పష్టంగా ఉన్నాయా చూడండి. మామూలు పేజీ బాగానే ఉండి అది అలుక్కుపోయి ఉంటే అది దొంగ అచ్చే అనుకోవచ్చు.

వాట్సాప్‌లో చవగ్గా అమ్మే పీడీఎఫ్‌లు, వాటి నుంచి తయారుచేసిన ఈ-బుక్కులు దీనికంటే అన్యాయం. అసలు పుస్తకంలో చనిపోయినామె డైరీని వేరే ఫాంటులో, ఎడమవైపు కొంత జాగా వదిలి వేస్తారు. మార్పిడిలో ఆ జాగా, ఆ ఫాంటు రెండూ పోయి, డైరీలో ‘నేను’, కథ చెప్పేవాడి ‘నేను’ ఒకే పేరాలో కలిసిపోతాయి. డైరీ రాసింది ఎవరన్నదే రహస్యమైన నవలలో ఇంక మిగిలేదేముంది?

‘విశాఖ నేపథ్యం’ అని తాటికాయంత అక్షరాలు వేసి ఆదరాబాదరా వదులుతున్న ఈ-బుక్కులతో మరీ జాగ్రత్త. ఉచితంగా చూపించే నమూనా పేజీల్లోనే వీటి బండారం తెలుస్తుంది. పాత కాలపు అధ్యాయం తీసి తేదీలు పట్టుకోండి. 1985లో ఎవరైనా బీచ్ రోడ్డులో కురుసుర మ్యూజియం ముందు కలుసుకుంటే అది కుదరదు, ఆ సబ్‌మెరైన్ మ్యూజియంగా తెరిచింది 2002లో. జీవీఎంసీ (విశాఖ మహానగర పాలక సంస్థ) మాట 2005కి ముందు వినబడకూడదు. డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి ఇంగ్లండ్‌లో బయటపడిందే 1984లో, కాబట్టి 1983 నాటి ఇన్‌స్పెక్టర్ డీఎన్ఏ రిపోర్టు అడగలేడు. మన దేశంలో సెల్‌ఫోను మోగింది 1995లో. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. అంతకుముందు జరిగిన హత్యని ఇప్పుడు తిరగదోడినా నేరం ఐపీసీ 302 కిందే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ వారం జరిగే అధ్యాయంలో కరెంటు దీపాల కింద తీరిగ్గా విచారణ జరుగుతుంటే రాసినవాడికి ఈ ఊరు తెలియదన్నమాట. ఒక్క పొరపాటు ఎవరికైనా దొర్లుతుంది. నమూనాలోనే మూడు దొర్లితే, ముగింపులో తేదీల మీద ఆధారపడే చిక్కుముడి నిలబడుతుందని ఆశ పెట్టుకోకండి.

అనువాదాల దగ్గర ఇంప్రింట్ పేజీ, అంటే ముద్రణ వివరాలుండే పేజీ, తప్పకుండా చదవండి. మూలం పేరు, మూల రచయిత, అనువాదకుడు, తొలి ముద్రణ సంవత్సరం ఉండాలి. ‘సంక్షిప్తం’, ‘స్వేచ్ఛానువాదం’ అన్న మాటలు చిన్న అక్షరాల్లో దాక్కుంటాయి. మూలం 380 పేజీలుండి తెలుగు 150లో తేలిపోయిందంటే పాత్రల్ని కోసేశారు. సంఘటనలు మిగులుతాయి, మనుషులు పోతారు. ఈ తరహా నవలకి మనుషులే ప్రాణం కాబట్టి అది కొనడం వృథా. పాత సీరియల్‌కి కొత్త అట్ట, కొత్త పేరు తగిలించి అమ్మడమూ ఉంది. అది కూడా ఇంప్రింట్ పేజీలోనే బయటపడుతుంది. మొదటి యాభై పేజీల్లో ఏమీ జరగలేదని మాత్రం పుస్తకాన్ని తిట్టకండి, ఇందులో అది లోపం కాదు.

సెకండ్ హ్యాండ్ కాపీ అయితే ఇంకొకటి. అద్దె లైబ్రరీల ముద్ర ఉన్న పుస్తకాల్లో నలభయ్యో పేజీ దగ్గరే ‘చంపింది వీడే’ అని పెన్నుతో రాసిపెట్టే మహానుభావులు పూర్వం నుంచీ ఉన్నారు. మార్జిన్లు మీరు చూడకుండా కొట్టువాణ్ణి చూడమనండి.

మోసపోయాక ఏం చేయాలి? పార్సిల్ విప్పుతున్నప్పుడే ఆపకుండా వీడియో తీయండి, పైన లేబుల్ కనబడాలి. తర్వాత అంకె తెగిన చోట రెండు పేజీలూ ఒకే ఫోటోలో, ఇంప్రింట్ పేజీ, బిల్లు. అచ్చు లోపమే అయితే ముందు ప్రచురణకర్తకి రాయండి. ఫారం తప్పిన కాపీని చాలామంది మాట్లాడకుండా మార్చి ఇస్తారు. ఆన్‌లైన్ అమ్మకందారు మొండికేస్తే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. లోపమున్న సరుకునీ, నకిలీ సరుకునీ వెనక్కి తీసుకోనని అనే హక్కు అమ్మకందారుకి లేదు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా 2019 చట్టం ప్రకారం మీరు విశాఖలోనే వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. దొంగ అచ్చు అని తేలితే ప్రచురణకర్తకి ఫోటోలు పంపండి. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్న నేరం అది. ఆ కేసు నడిపించాల్సింది వాళ్ళే.

కొట్లో మార్చి ఇస్తామంటే తొందరపడి తీసుకోకండి. ఫారాల దొంతర ఒకటి తారుమారైతే వెంటవెంటనే కుట్టిన కాపీలన్నిటికీ అదే తప్పు ఉంటుంది, అవన్నీ ఒకే కట్టలో వస్తాయి. కొత్త కాపీని కూడా అదే 288-289 దగ్గర విప్పి చూశాకే కొట్టు మెట్లు దిగండి.