మోండా మార్కెట్లో ముదురు రంగు బెల్లం

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో పప్పుదినుసుల కొట్ల మధ్య, బోర్డు కూడా లేని బెల్లం కొట్టు ఒకటుంది. నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో రసం పరీక్షలు చేసి రిటైరైనదాన్ని. బెల్లం దగ్గర నా పట్టింపు ఎక్కువ. అలాంటిది, ఇప్పుడు మా ఇంటికి బెల్లం ఇక్కణ్నుంచే వస్తోంది.

పచ్చగా మెరిసే దిమ్మను ముందుకు తోయకపోవడం ఈ కొట్టాయనలో నాకు నచ్చిన గుణం. "దేనికమ్మా, పరమాన్నానికా, అరిసెలకా?" అని అడుగుతాడు. "ఇది కామారెడ్డి దిక్కుదమ్మా, రంగు తక్కువ గనీ రుచి మంచిగుంటది" అని ముక్క విరిచి చేతిలో పెడతాడు.

రంగు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. తాజా చెరకు రసం కాస్త ఆమ్లంగానే ఉంటుంది, పీహెచ్ 5.2 నుంచి 5.4 దాకా. అలాగే కాస్తే సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అలాంటి బెల్లం గాలిలో తేమ లాగి చెమరుస్తుంది, అరిసెల పాకం కుదరదు. అందుకే సున్నపు తేట పోస్తారు. అది ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. ఆ నలుపు పోగొట్టడానికి కొందరు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం చల్లుతారు. ఫ్యాక్టరీలోనూ రసానికి సున్నం, గంధకపు పొగ పట్టిస్తాం, నిజమే. కానీ అక్కడ మడ్డి దిగనిచ్చి, తేట రసాన్ని చిక్కబరిచి, గింజ కట్టాక సెంట్రిఫ్యూగల్ యంత్రంలో గిర్రున తిప్పి మొలాసిస్, అంటే గింజ కట్టని నల్లటి పాకం, వేరుచేస్తాం. బెల్లం పెనం దగ్గర తెట్టు తీయడమే ఉంటుంది. పాకంలో మిగిలినదంతా దిమ్మలోకే పోతుంది. పిల్లలకు పెట్టే వస్తువు కాబట్టి ఈ తేడా తెలిసి కొనాలని నా కోరిక.

ఇక్కడి బెల్లాన్ని నీళ్లలో కరిగించి చూశాను. అడుగున కాస్త నలుసు తప్ప సుద్దలాంటిదేమీ దిగలేదు. పరమాన్నం దించాక కలిపితే పాలు విరగలేదు. ఒకసారి ఇచ్చిన దిమ్మ కొంచెం ఉప్పగా ఉంది. ఉప్పదనం అంటే కల్తీయే అనుకోనక్కర్లేదు, చౌడు నేలలో పెరిగిన చెరకు బెల్లమూ అలాగే ఉంటుంది. చెబితే మారు మాట్లాడకుండా మార్చిచ్చాడు.

లోపాలూ ఉన్నాయి. ధరల పట్టీ లేదు. వానాకాలంలోనూ సంచుల మూతులు తెరిచే ఉంటాయి, శ్రావణంలో కొన్న బెల్లం జిగటగా వచ్చింది. వండిన తేదీ చీటీ మీద రాసి గుచ్చితే ఎంతో మేలు. ఇవన్నీ సరిచేస్తే అయిదుకు అయిదు ఇస్తాను, ఇప్పటికి నాలుగు.

ఏడాదికి సరిపడా కొనేవాళ్లు సంక్రాంతి నుంచి శివరాత్రి లోపు వెళ్లండి, గానుగలు జోరుగా ఆడే రోజులు కాబట్టి కొత్త సరుకు దొరుకుతుంది. అరిసెలకైతే గట్టి దిమ్మ అని విడిగా చెప్పండి. తెచ్చాక ప్లాస్టిక్ కవరు తీసేసి, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి.