‘వర్కింగ్ డాక్టర్స్ బ్యాచ్’ అని నీట్ పీజీ కోర్సు అమ్మజూస్తే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

డ్యూటీ డాక్టర్‌గా చేస్తూ నీట్ పీజీకి (ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఎంఎస్ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష) చదువుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఈ మధ్యే ఇంటర్న్‌షిప్ ముగించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్లు, "జాబ్ మానక్కర్లేదు, ర్యాంకుకు మాదీ పూచీ" అన్న ప్రకటన చూసి నంబర్ ఇచ్చి ఉంటే ఈపాటికి ఫోన్లు మొదలయ్యే ఉంటాయి. నేనూ 2025 పరీక్ష కోసం అలాంటి బ్యాచ్ ఒకటి కొన్నాను. అరవై వేల పైనే అయింది. పరీక్ష అయిపోయింది, ఈఎంఐలు మాత్రం ఇంకా పోతున్నాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. అయినా పేరు తెలిస్తే మీరు ఆ ఒక్కదాన్ని వదిలేసి పక్కదానిలో ఇరుక్కుంటారు, వీళ్లు అమ్మే తీరు తెలిస్తేనే నయం.

ముందు ఆ ఫోన్ కాల్ సంగతి. మాట్లాడే అమ్మాయి ఎంతో మర్యాదగా "డాక్టర్ గారూ, మీ రోస్టర్ చెప్పండి, దానికి తగ్గట్టు ప్లాన్ వేస్తాం" అంటుంది. నైట్లు ఎన్ని, ఐసీయూనా క్యాజువాలిటీనా, ఆఫ్ ఏ రోజు, అన్నీ రాసుకుంటుంది. వినడానికి హాయిగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా మన రోస్టర్ గురించి అంత శ్రద్ధగా అడగరు మరి. ఆ రాసుకున్నదంతా ఎటు పోయిందో గానీ, డబ్బు కట్టాక వచ్చిన టైం టేబుల్ అచ్చంగా రెగ్యులర్ బ్యాచ్‌దే. అదే ఇడ్లీ, ప్లేటు మార్చారంతే. లైవ్ క్లాసు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి! ఆదివారం కన్సల్టెంట్లు చాలామంది రారు, వార్డులు, కొత్త అడ్మిషన్లు, పేషెంట్ బంధువుల ప్రశ్నలు అన్నీ డ్యూటీ డాక్టర్ నెత్తినే పడతాయి. ఆ టైం పెట్టినవాళ్లు ఒక్క ఆదివారం క్యాజువాలిటీలో నిలబడి చూడాలి.

ఇంకో మాట కూడా చెప్పారు, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. "మీరు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి ఇన్ సర్వీస్ కోటా కూడా కలిసొస్తుంది" అని. శుద్ధ అబద్ధం. ఆ కోటా పీహెచ్‌సీల్లాంటి చోట్ల ప్రభుత్వ సర్వీసులో ఉండి, రాష్ట్రం పెట్టిన సర్వీసు షరతులు నెరవేర్చిన డాక్టర్లకు. ప్రైవేటులో పదేళ్లు చేసినా మనకు రాదు. ఆ మాటే తిరిగి అడిగితే "మా సీనియర్ కౌన్సెలర్ క్లారిఫై చేస్తారు" అని తప్పించుకుంది. ఇప్పుడే బయటికొచ్చిన జూనియర్‌కి ఇదే చెప్తే నమ్మేస్తారు.

ఇక రికార్డింగులు. లైవ్ కుదరకపోతే ఎలా అని అడిగాను, వాట్సాప్‌లో "యెస్ డాక్టర్, అన్‌లిమిటెడ్" అని రాతపూర్వకంగానే పెట్టారు. కోర్సు తెరిచాక చూస్తే ఒక్కో వీడియో మూడు రోజులే ఉంటుంది, రెండుసార్లకు మించి ప్లే అవదు, మధ్యలో ఆపి వదిలేస్తే అదీ ఒకసారి కిందే లెక్క. నైట్ డ్యూటీలో పది నిమిషాలు చూశామో లేదో సిస్టర్ వచ్చి నాలుగో బెడ్ పేషెంట్ ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతోందంటుంది, పరిగెత్తుతాం, తిరిగొచ్చేసరికి ఒక వ్యూ హరీ. వరుసగా రెండు నైట్లు పడితే ఆ మూడు రోజుల గడువు డ్యూటీకీ నిద్రకే సరి. ఉద్యోగం చేసేవాళ్ల కోసమే తయారుచేశామని చెప్పే కోర్సులో ఈ రూలు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ గడువు దగ్గర తగిలింది. "ఎగ్జామ్ దాకా యాక్సెస్" అన్నారు. నీట్ పీజీ తేదీ గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా సరే 2024ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. మొదట మార్చి 3 అన్నారు, తర్వాత జూలై 7 అయింది, అక్కడి నుంచి ముందుకు జరిపి జూన్ 23 చేశారు, తీరా జూన్ 22 రాత్రి, తెల్లారితే పరీక్ష అనగా, వాయిదా వేశారు. చివరికి ఆగస్టు 11న జరిగింది. 2025లో జూన్ 15న రెండు షిఫ్టుల్లో అన్నారు, ఒకే షిఫ్టులో పెట్టమని సుప్రీంకోర్టు మే 30న చెప్పడంతో అది ఆగస్టు 3కి పోయింది. ఎగ్జామ్ దాకా అంటే పరీక్ష ఎప్పుడు జరిగితే అప్పటిదాకా అనే కదా ఎవరైనా అనుకునేది? యాప్‌లో మాత్రం నాది జూన్ 30తో ఆగిపోయింది. రివిజన్ వీడియోలు, ప్రాక్టీసు ప్రశ్నలుండే క్యూ బ్యాంకు, తప్పు పెట్టిన ప్రశ్నలకు నేను గుర్తులు పెట్టుకున్నవి, అన్నిటికీ తాళం. అడిగితే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కొనుక్కోమన్నారు. ఉద్యోగం లేకుండా చదివేవాళ్లు జూన్‌కల్లా రివిజన్ ఒక రౌండైనా ముగించి ఉంటారు, మనలాంటివాళ్లకు ఆ కలిసొచ్చిన ఏడు వారాలే అసలు చదువు. మెడికల్ సూపరింటెండెంట్‌ని బతిమాలి లీవులన్నీ జూలైకి మార్పించుకున్నాను. లీవు దొరికింది, యాప్ తెరుచుకోలేదు.

టెస్ట్ సిరీస్ కూడా పాతదే. 2024 నుంచి పేపరు అయిదు సెక్షన్లుగా వస్తోంది, ఒక్కో దానిలో 40 ప్రశ్నలు, 42 నిమిషాలు, ఆ టైం అయ్యాక వెనక్కి వెళ్లి మార్చుకోవడానికి లేదు. వీళ్ల గ్రాండ్ టెస్టులు మాత్రం 200 ప్రశ్నలూ ఒకేసారి తెరిచి మూడున్నర గంటలు ఇచ్చేస్తాయి. నిజానికి సెక్షన్ పద్ధతి మనకు కలిసొచ్చేదే, మూడున్నర గంటలు ఏ డ్యూటీలోనూ దొరకవు గానీ 42 నిమిషాలు డ్యూటీ హ్యాండోవర్ తర్వాత ఎలాగో సంపాదించుకోవచ్చు. నేను చివర్లో వేరే క్యూ బ్యాంకు తీసుకుని ఫోన్‌లో టైమర్ పెట్టుకుని అలాగే చేశాను. మెంటర్ గురించి ఒక్క ముక్క చాలు: మార్కులు పెరగట్లేదని చెప్తే జాబ్ మానేయమన్నారు.

డబ్బు విషయం జాగ్రత్తగా చదవండి. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే వాళ్లకు నెలనెలా కట్టడం కాదు, మన పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర లోను. ఆ కంపెనీ ఫీజు ఇన్‌స్టిట్యూట్‌కి ముందే ఇచ్చేస్తుంది, మన ఖాతా నుంచి ఆటో డెబిట్ పోతుంది. కోర్సు బాగాలేదని ఆపమంటే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లోనువాళ్లను అడగమంటారు, లోనువాళ్లు కోర్సుతో మాకు సంబంధం లేదంటారు. కోపంతో డెబిట్ ఆపేస్తే సిబిల్ స్కోరు పడేది మనదే. డిజిటల్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను ఖర్చు, షరతులు రాసి ఉండే కాగితం) ముందే ఇవ్వాలని, పెనాల్టీ లేకుండా వెనక్కి కట్టేసే కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఓటీపీ చెప్పే ముందే ఆ కాగితం పంపమనండి. గడువు చాలా చిన్నది కాబట్టి ఆఫ్ ఉన్న రోజున మాత్రమే కొనండి, నైట్ దిగి నిద్రమత్తులో ఉన్నప్పుడు "ఆఫర్ ఈరోజుతో లాస్ట్" అంటే ఫోన్ పెట్టేయండి. ఇలా లేని తొందర పుట్టించడం, సెలక్షన్ గ్యారంటీ అనడం రెండూ తప్పేనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

కొనకుండా ఉండలేకపోతే మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి: పరీక్ష వాయిదా పడితే అదనపు డబ్బు లేకుండా గడువు పెరుగుతుందా, వీడియో ఎన్నిసార్లు ఎన్నాళ్లు చూడొచ్చు, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఎవరు ఇస్తారు. ఫోన్‌లో చెప్పింది చెల్లదు. నా దగ్గర ఆ వాట్సాప్ మెసేజ్ ఉండబట్టే ఫిర్యాదు ఇక్కడిదాకా వచ్చింది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లో వేయొచ్చు, కట్టింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. "వివాదాలన్నీ ఢిల్లీ కోర్టులోనే" అని వాళ్ల నిబంధనల్లో ఉంటుంది, చూసి బెదిరిపోకండి, చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనో పనిచేసే ఊళ్లోనో వేసుకోవచ్చు. యాప్ మూసేయకముందే గడువు తేదీ, టైం టేబుల్, వ్యూ లిమిట్ కనిపించే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తాళం పడ్డాక ఏదీ దొరకదు. ఇలాంటి లోను మధ్యలో ఆపించి ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్ఓసీ (ఇక బాకీ లేదనే పత్రం) తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా తెచ్చుకున్నారో చెప్పండి, నాది ఆ ముక్క దగ్గరే ఆగి ఉంది.