కేజీహెచ్ నుంచి రాస్ హిల్ దాకా: ప్రార్థనకు ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ జేబు కాచుకోవాలి

విశాఖలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, చుట్టుపక్కల మందుల షాపుల ముందు చీటీ పట్టుకుని నిలబడితే ఒకాయన వస్తాడు. తెల్ల చొక్కా, చంకలో బైబిలు, మెత్తని మాట. ముందు పేషెంటు పేరు అడుగుతాడు, తర్వాత ఊరు, ఆ తర్వాత "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందా తల్లీ?" అంటాడు. ప్రత్యేక ప్రార్థనకి కానుక 5,000. మొహం చూసి 3,000కి దిగాడు. దేవుడి దగ్గర డిస్కౌంటు ఉంటుందని అప్పుడే తెలిసింది! డబ్బు పోలేదు గానీ, మాతో వచ్చిన అత్తయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నేనేం చేశానే?" అని ఒకటే మాట.

ఇలాంటివాళ్లు ఎదురైతే వాదించక్కర్లేదు, యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి చూపిస్తే చాలు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే: పాపం వీడిదా, కన్నవాళ్లదా? ఎవరిదీ కాదన్నాడు యేసు. బైబిల్లోనే, అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితుల సంగతీ చూడండి. ఏడు రోజులు నేలమీద పక్కన కూర్చుని నోరు మెదపలేదు. వాళ్లు చేసిన మేలు అంతవరకే. నోరు విప్పి తప్పు యోబుదే అన్నందుకు చివరి అధ్యాయంలో, 42:7లో, దేవుడు కోప్పడింది వాళ్లమీదే.

బస గురించి ఎక్కువ చెప్పను. రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జిలో ఫోనులో 900 అన్న గది కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి 1,200 అయింది, వేడినీళ్ల బకెట్ 30. గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఖాళీ చేసే టైము రసీదుమీద రాయించుకోండి. జ్ఞానాపురంలోని పునీత పేతురు కేథడ్రల్‌కి వెళ్లాలంటే స్టేషన్ వెనకవైపు గేటు నుంచి బయటపడితే దగ్గర. పూజ వేళలు ముందే కనుక్కోండి.

రాస్ హిల్‌కి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించండి. కేజీహెచ్ డౌన్ నుంచి ఓల్డ్ పోస్టాఫీస్ వైపు ఆటోకి 120 అడిగాడు, 100కి వచ్చాడు. సిటీ బస్సులూ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎండెక్కకముందే ఎక్కాలి, నీళ్ల సీసా కిందే కొనుక్కోవాలి. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదానిమీద మేరీమాత గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద వేంకటేశ్వరస్వామి. హార్బరులోకి వచ్చే ఓడలు కాలవలో కొండ కిందుగానే వెళ్తాయి, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. డిసెంబర్ 8న నిష్కళంక మాత పండుగ. మౌనంగా కూర్చోవాలనుకునేవాళ్లు ఆ రోజు రావద్దు, మామూలు వారంలో పొద్దున్నే రండి. ఎవరూ పేరడగరు, తలమీద చెయ్యి పెట్టరు. అత్తయ్య రెండు గంటలు కదల్లేదు.

అక్కడ చదువుకోడానికి బైబిల్లో రోమా పత్రిక, అంటే రోమా విశ్వాసులకి పౌలు రాసిన ఉత్తరం, 8వ అధ్యాయం పట్టుకెళ్లండి. చాలామంది దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకే జరుగుతాయనే 28వ వచనం ఒక్కటే కత్తిరించి పేషెంటుకి మాత్రలా మింగిస్తారు. తేడా కొట్టేది అక్కడే. 18 నుంచి మొదలుపెట్టండి. 22లో సృష్టి మూలుగుతుంది, 23లో మనం మూలుగుతాం, 26లో ఆత్మ మూలుగుతుంది. 'సమస్తమును సమకూడి' అన్నది ఆ తర్వాతి మాట. అంటే ఏ ఒక్కటీ విడిగా మంచిదని కాదు, అన్నీ కలిసి మేలుకి దారితీస్తాయని. ఆ మేలు ఏమిటో 29 చెబుతుంది: కుమారుని పోలికలోకి మారడం. జబ్బు నయమవుతుందనీ, అప్పు తీరుతుందనీ అక్కడ రాసిలేదు.

కష్టం వెనక దేవుడి ఉద్దేశం ఎప్పుడు తెలుస్తుందని అడిగేవాళ్లకి విశాఖలోనే ఒక ఉదాహరణ ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ 1805లో ఈ ఊరొచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల అనువాదం సాగించారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డిగ్రాంజెస్. మొదటి మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తర్వాత వచ్చిన ప్రిట్చెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ముందొచ్చిన ఆ ఇద్దరూ తమ తెలుగు సువార్తలు అచ్చులో చూడలేదు.

దిగేటప్పుడు ఈ సంగతి చెబితే అత్తయ్య, "పాపం, వాళ్లమ్మలకి ఎవరు కబురు చెప్పారో" అంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, పొట్లం 30. ఆమెది అయిపోయాక నాదీ లాక్కుంది.