టీవీ షోలో కట్టిన 1932 ఫోర్డ్ అమ్ముతాం అంటే డబ్బు పంపకండి

"మా షోలో కట్టిన హాట్ రాడ్, ఎపిసోడ్ చూసుకోండి, బేరం మాట్లాడుకుందాం" అంటూ ఎవరైనా ఫోటోలు పంపితే ఒక్క డాలర్ కదిలించే ముందు ఇది చదవండి. హాట్ రాడ్ అంటే పాత కారుని వేగంగా పోయేలా మార్చి కట్టిన బండి. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. అటూ ఇటూ అయితే సర్దుకోండి.

గ్యారేజీ పేరు, షో పేరు రాయను, లాయర్ వద్దన్నారు. 2004లో "అమెరికన్ హాట్ రాడ్" వచ్చినప్పటి నుంచి ఇలాంటి షోలు చూస్తున్నవాళ్లకు ఆ వరస తెలుసు. పాత బాడీ తెస్తారు, గడువు పెడతారు, గ్యారేజీలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, చివర్లో ఇంజిన్ గర్జిస్తుంది. నేను కొన్నది అలాంటి ఎపిసోడ్‌లో వచ్చిన 1932 ఫోర్డ్ కూపే, అంటే రెండు డోర్ల కారు. అప్పట్లో ఎవరికోసమో కట్టారు, అతను వదులుకున్నాడు, అందుకే అమ్మకానికి పెట్టామన్నారు.

ట్రెడిషనల్ హాట్ రాడ్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ తర్వాతా కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిన సరస్సుల మీద పరుగులు పెట్టించిన బళ్ల పద్ధతిలో, ఆ కాలపు భాగాలతో కట్టేది. అందులో 1932 ఫోర్డ్‌కి ఉన్న గిరాకీ వేరు. మామూలు జనం కొనగలిగే ధరలో ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 (వాల్వులు బ్లాక్‌లోనే ఉండి పైన చదునైన హెడ్ ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఇచ్చింది ఆ ఏడాదే, 65 హార్స్‌పవర్‌తో. బాడీ అప్పటి ఫ్యాక్టరీ రేకు అయితే ఒక రేటు, ఈ రోజుల్లో కొత్తగా చేసిన స్టీల్ అయితే ఇంకో రేటు, ఫైబర్‌గ్లాస్ అయితే బాగా తక్కువ. రంగు పడ్డాక ఫోటోలో మూడూ ఒకేలా ఉంటాయి.

ప్రకటనలో "ఒరిజినల్ హెన్రీ ఫోర్డ్ స్టీల్" అని రాశారు. అమ్మేవాణ్ని ఫోన్‌లో మళ్లీ అడిగాను. "ఎపిసోడ్ చూశావుగా, తుప్పు కోసి రేకు అతికించింది కెమెరాలోనే ఉంది" అన్నాడు. ఉంది. ఎడమ డోర్ కింద అతుకు వేయడం, గ్రైండర్ నిప్పురవ్వలు, అన్నీ చూశాను. మొత్తం డబ్బు వైర్ చేశాను.

ట్రెయిలర్ మా ఇంటి ముందు ఆగింది. డాలస్ ఎండ తెలుసుగా, నల్ల రంగు మెరిసిపోతోంది. మా ఆవిడ కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ సిద్ధం చేసింది. గుంటూరులో ఉన్న నాన్నగారు వీడియో కాల్‌లో చూస్తున్నారు. పక్కింటి పెద్దాయన వచ్చారు, జీవితమంతా ఇలాంటి బళ్లు కట్టిన మనిషి. ఒక చుట్టు తిరిగి, డోర్ మీద వేలి కణుపుతో కొట్టి, "ఇంట్లో మాగ్నెట్ ఉందా?" అన్నారు. మా అబ్బాయి పరుగెత్తి ఫ్రిజ్ మీదున్న తిరుపతి మాగ్నెట్ పట్టుకొచ్చాడు. ఆయన దాన్ని డోర్‌కి ఆనించి వదిలారు. జారి నేల మీద పడింది. టాప్ మీద, వెనక డిక్కీ మీద, కిటికీ కింద పెట్టారు. ఎక్కడా అంటుకోలేదు. ఇంకేం మాట్లాడకుండా డోర్ లోపలి అట్ట కొంచెం లాగి టార్చ్ వేసి చూపించారు. లోపలంతా ఫైబర్‌గ్లాస్ నేత. ఎపిసోడ్‌లో అతుకు వేసిన చోట అతుకే లేదు. "ఏమైంది రా?" అని నాన్నగారు అడుగుతూనే ఉన్నారు.

అప్పటికప్పుడు అమ్మినవాడికి ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. అతను కనీసం తడబడలేదు. "షూటింగ్ అయ్యాక బాడీ మార్చాం. ఆ స్టీల్ బాడీ వేరే కస్టమర్‌కి వెళ్లింది" అన్నాడు. మరి ప్రకటనలో రాసిందేంటి అంటే, అది ఆఫీసులో కుర్రాడెవరో రాశాడట. నాకు చెప్పలేదేం అంటే అతనన్న మాట ఇది: "నువ్వు టీవీలో వచ్చిన కారు కావాలన్నావు. షాసీ అదే, ఇంజిన్ అదే. స్టీల్ కావాలంటే బిల్లులో రాయించుకోవాల్సింది. టీవీ చూసి కొనేవాళ్లందరితో ఇదే గొడవ." నవ్వాడు. నా భార్యా పిల్లలు వింటుండగా నవ్వి ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు.

ఫైబర్‌గ్లాస్ చెడ్డదని నేననడం లేదు. ఎంతోమంది హాయిగా నడుపుకుంటున్నారు. అదే మాట ముందే చెప్పి ఆ రేటుకే అమ్మాలి. స్టీల్ అని చూపించి, స్టీల్ రేటు వసూలు చేసి, వేరేది పంపితే అది పట్టపగటి దొంగతనం.

ఇంజిన్ సంగతీ అంతే. పావుగంట నడిపేసరికి వేడి ముల్లు చివరికి వెళ్లింది. హెడ్లు విప్పితే వాల్వ్ సీటు నుంచి సిలిండర్ దాకా పగులు. ఫ్లాట్‌హెడ్‌లకు ఇది పాత జబ్బే, ఎగ్జాస్ట్ దారి బ్లాక్ లోంచే పోతుంది కాబట్టి వేడెక్కుతాయి, పగులుతాయి. కట్టేవాళ్లు ముందు బ్లాక్ టెస్ట్, అంటే పగుళ్లున్నాయేమో పరీక్ష, చేయిస్తారు. గడువులోగా ఎపిసోడ్ పూర్తి చేయాల్సినవాళ్లకు చివర్లో కాసేపు శబ్దం వస్తే చాలు.

బిల్లులో "ఉన్నది ఉన్నట్టుగా" (లోపాలుంటే అమ్మినవాడి పూచీ లేదని) అని ఉండటంతో లాయర్ గట్టిగా హామీ ఇవ్వలేకపోతున్నారు. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్, ఫోన్ మెసేజ్‌లు అన్నీ ఇచ్చాను. వదలను.

మీరు కొనే పనైతే మనిషిని పంపి మాగ్నెట్ పెట్టి చూపించుకోండి, రంగు గీసుకుపోకుండా గుడ్డ చుట్టి. 1932 వీ8 ఫోర్డ్‌కి నంబర్ ఎడమవైపు ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది, 18తో మొదలవుతుంది. దాని ఫోటో అడిగి టైటిల్ కాగితంతో (బండి యాజమాన్య పత్రంతో) పోల్చండి. ఫ్రేమ్ నున్నగా కొత్తగా ఉండి కాగితం మాత్రం 1932 అంటే రిజిస్ట్రేషన్ దగ్గర తిప్పలు మీవే. బ్లాక్ టెస్ట్ రిపోర్ట్ తీసుకోండి. బాడీ దేనితో చేసిందో బిల్లులో రాయకపోతే లేచి వచ్చేయండి.

హ్యూస్టన్ నుంచి నిన్న మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నువ్వు చూస్తున్న ఎర్ర రోడ్‌స్టర్ అమ్ముతున్నదీ వీళ్లే. అడ్వాన్స్ ఇంకా వెళ్లకపోతే బ్యాంకుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి.