విజయవాడ వన్‌టౌన్‌లో సీసాల కొట్టు: ఎనిమిది ఇళ్లకి సంక్రాంతి గిఫ్టులు 1,850లో అయిపోయాయి

ఈసారి పండక్కి మా ఇంట్లో డబ్బులు చాలా టైట్. మా ఆయనకి అక్టోబర్ నించి పని సగానికి సగం పడిపోయింది, డిసెంబర్లో పెద్దదాని కాలేజీ ఫీజు కట్టాం. ప్రతి ఏడూ ఇద్దరు ఆడపడుచులకి, తోటికోడలికి, మా అక్కకి, ఇద్దరు పిన్నులకి, తెనాల్లో మేనత్తకి, పెదనాన్నగారింటికి చీరో జాకెట్ ముక్కో స్వీట్ బాక్సో పట్టుకెళ్లేదాన్ని, ఎంత చవగ్గా చూసినా ఐదు వేలు దాటేది, ఈసారి ఆ ఐదు వేలు లేవు. అలాగని చేతులూపుకుంటూ వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. నా చేతి కందిపొడి అంటే మా వాళ్లకి బాగా ఇష్టం, సరే అదే చేసి అందంగా సీసాల్లో పెట్టి ఇద్దాం అనుకున్నా. తీరా చూస్తే పొడి కన్నా సీసా ఖరీదెక్కువ! ఆన్‌లైన్‌లో ఆరు సీసాలు 299 చూపించింది.

అప్పుడు మా పక్కింటి పిన్నిగారు వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో ఈ కొట్టు గురించి చెప్పారు. బోర్డు సరిగ్గా కనపడదు, చిన్న గది, లోపల నేల నించి పైకప్పు దాకా అట్టపెట్టెలే. సిటీ ఆర్డినరీలో వెళ్లా, 2025 ఆగస్టు 15 నించి ఆంధ్రాలో మన ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే టికెట్ జీరో కదా, రెండు సార్లు తిరిగినా బస్సు ఖర్చు ఏమీ అవలేదు, ఇలాంటి లెక్కలు వేసుకునే వాళ్లకి అది చిన్న విషయం కాదు.

రేట్లు చెప్తా. 250 మిల్లీ గాజు సీసా, ఇనప మూతతో డజను 240. విడిగా అడిగితే ఒకటి 22, ఒక్కటడిగినా మొహం చిట్లించకుండా ఇస్తున్నారు, అది నాకు చాలా నచ్చింది, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లలో మనలాంటి చిన్న బేరాల్ని ఎవరూ పట్టించుకోరు. నేను రెండు డజన్లు తీసుకున్నా, 480. ఒక్కో ఇంటికి మూడు సీసాలు, కందిపొడి, కరివేపాకు కారం, నిల్వ గోంగూర.

కొట్టు బాబాయ్ పెద్దాయన, ప్రతి సీసా తీసి లైటుకి ఎత్తి పట్టుకుని, అంచు చుట్టూ గోరుతో ఒక రౌండు రాసి చూసి, గోరు ఎక్కడైనా తగులుకుంటే పక్కన పెట్టేస్తున్నాడు. నా ఇరవై నాలుగింట్లో మూడు అలా పక్కకి తీశాడు, నేను అడక్కముందే. "గాజు పెచ్చు పచ్చట్లో పడితే ఎంత ప్రమాదం తల్లీ" అన్నాడు. గోంగూర పెడతానంటే ఇంకో మాట చెప్పాడు, ఉప్పూ పులుపూ ఇనప మూతకి తగిలితే తుప్పు పట్టేస్తుంది, మూత కింద బటర్ పేపర్ ముక్క గుండ్రంగా కత్తిరించి పెట్టుకోమని. ఇన్నేళ్ల నించి పచ్చళ్లు పెడుతున్నా, ఇంట్లో జాడీలే కాబట్టి నాకు ఆ సంగతి తట్టలేదు.

ఒకటి ముందే తెలుసుకోండి, 250 మిల్లీ సీసా అంటే 250 గ్రాముల పొడి పట్టదు. కందిపొడి తేలిక కదా, తట్టి తట్టి నింపితే నాకు 150 గ్రాములే పట్టింది. నేను రెండు కేజీల లెక్కన కందిపప్పు తెచ్చేసుకున్నా, ముప్పావు కేజీ మిగిలిపోయింది, అదేం వృథా కాదులెండి, పప్పులోకి వాడేసుకున్నాం, కానీ చేతిలో డబ్బు చూసుకుని కొనే టైములో ఆ వంద రూపాయలు కూడా లెక్కే.

పొడి పూర్తిగా చల్లారాకే సీసాకి ఎత్తాలి, వేడి మీద పెట్టేస్తే మూత లోపల చెమ్మ చేరి ముద్ద కట్టేస్తుంది. కరివేపాకు కడిగి బట్ట మీద నీడకి ఆరబెట్టి తడి అస్సలు లేకుండా పోయాకే వేయించా, గోంగూర కూడా రాత్రంతా ఫ్యాను కింద పరిచా. సీసాలు కడిగి ఎండలో బోర్లించి, మళ్లీ తిప్పి పెట్టి ఎండబెట్టా. వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర కట్ పీసులు 150కి తెచ్చా, చిన్న ప్లేటు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించి మూతల మీద వేసి పురికొసతో కట్టా, పేర్లు మా చిన్నది స్కెచ్ పెన్నుతో రాసింది, "అత్తకి కందిపొడి, నెయ్యి వేసుకుని తినాలి" అని. సామాను 1,150, పురికొస, లేబుల్ కాగితాలు 70. ఇంటికి 230 చిల్లర పడింది.

ఇక బాగోని విషయం. మూతలు ఆ కొట్లో సీసాలతో కలిపి ఉండవు, విడిగా ఒక గోతంలో పోసి ఉంటాయి, అందులోంచి ఏరి ఇస్తారు. చూడ్డానికి అన్నీ ఒకటే సైజు, కానీ కొన్నింట్లో లోపలి వాషర్ పలచగా ఉంది. తెనాలి వెళ్లేటప్పుడు గోంగూర సీసా ఒకటి బ్యాగులో కారిపోయింది, నూనె మేనత్తకి తీసుకెళ్తున్న కొత్త టవల్‌కి అంటుకుంది, దిగాక చూసి ఏడుపొచ్చినంత పనైంది. అంత కష్టపడి చేసి, ఆవిడ చేతిలో పెట్టే టైముకి జిడ్డు కారుతుంటే ఎలా ఉంటుంది చెప్పండి. ఆవిడ మాత్రం "దీనికేం తల్లీ" అని ఆ సీసా తుడిచి ఆ పూటే అన్నంలోకి తెరిచింది.

పండగయ్యాక వెళ్లి బాబాయ్‌కి చెప్పా. వాదించలేదు, ఆ మూతొక్కటే కాదు, ఎనిమిది మూతలు మార్చి ఇచ్చాడు, అప్పుడే ఒక సీసాలో నీళ్లు పోసి మూత బిగించి న్యూస్ పేపర్ మీద బోర్లించి చూపించాడు, పది నిమిషాల్లో కాగితం తడవకపోతే నూనె పచ్చడికి పనికొస్తుందట. ఈ మాట మొదటి రోజే చెప్పుంటే బాగుండేది బాబాయ్ అన్నా. నిజంగా అదొక్కటే నా కంప్లైంట్, మూతలు సీసాలకి బిగించి చూసి అమ్మితే ఇంకే వంకా పెట్టడానికి ఉండదు.

మొన్న పెద్ద ఆడపడుచు వాళ్లబ్బాయి వచ్చాడు, కందిపొడి సీసా తిరిగి తెచ్చాడు, గిన్నె ఇచ్చినా సీసా ఇచ్చినా ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, దాన్నిండా సున్నుండలు. చీర పెట్టినప్పుడు వదిన ఫోన్ చేసి బాగుందమ్మా అని పెట్టేసేది, ఈసారి కరివేపాకు కారంలో చింతపండు ఎంత వేశావని అడిగి అరగంట మాట్లాడింది.

వెళ్లేవాళ్లు పండక్కి కనీసం పది రోజుల ముందే వెళ్లండి, తర్వాత 250 మిల్లీవి అయిపోతాయి, అర లీటరువే మిగులుతాయి. ఆదివారం కొట్టు తీయరు. రెండు గట్టి సంచులు, పాత పేపర్లు తీసుకెళ్లండి, వాళ్లు చుట్టివ్వరు. పచ్చడికి తీసుకునేవాళ్లు అక్కడే నీళ్లు పోయించి మూత బిగించి సీసా బోర్లించి చూపించమనండి, విసుక్కోకుండా చూపిస్తాడు.