నెవాడా కౌంటీ రికార్డర్ ఆఫీసులో పాత గని క్లెయిముల రిజిస్టర్లు: 5 స్టార్లకి 4

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న కామ్‌స్టాక్ వెండి గనుల చరిత్ర అంటే నాకు పిచ్చి. అందుకే పోయిన నెల రెనో వెళ్లినప్పుడు ఒక రోజు సెలవు పెట్టి మరీ, అక్కడి ఒక కౌంటీ రికార్డర్ ఆఫీసుకి (మన రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది) వెళ్లి 1860ల నుంచి రాసిన గని క్లెయిముల రిజిస్టర్లు, అంటే ఈ చోట తవ్వుకునే హక్కు మాది అని రాయించుకున్న నోటీసుల పుస్తకాలు, చూసొచ్చాను. ఎందుకు కావాలని కూడా అడగలేదు, తెచ్చి బల్ల మీద పెట్టారు.

తోలు అట్ట, గోధుమరంగుకి తిరిగిన సిరా, ప్రతి పేజీకీ నంబరు. నేను మొదట తెరిచిన నోటీసు ఐదే లైన్లు. ఈ గుంజ దగ్గర నుంచి దక్షిణంగా ఇన్ని అడుగుల వెండి సిర (రాతిలో పొడవుగా సాగే వెండి పొర) మాది అని నలుగురు పేర్లు రాసుకున్నారు, కింద ఏ రోజు ఏ గంటకి అందిందో రాసి రికార్డర్ సంతకం. ఆ గుంజ ఇప్పుడెక్కడుంది? మన దస్తావేజుల్లో హద్దుగా రాసిన చింతచెట్టు కొట్టేశాక వచ్చే తంటాయే ఇదీ.

ఈ పుస్తకాల విలువ తెలియాలంటే వెనక కథ తెలియాలి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికేనాటికి అక్కడ తవ్వుకోవడానికి ఫెడరల్ చట్టమే లేదు, అందుకని తవ్వుకునేవాళ్లే మీటింగులు పెట్టుకుని ఒక్కొక్కరికి ఎంత నేల, ఎన్నాళ్లు పని ఆపితే హక్కు పోతుంది అని రాసుకుని, తమలోనే ఒకరిని రికార్డరుగా ఎన్నుకునేవారు. నెవాడాలోనూ అదే పద్ధతి, 1859లో కామ్‌స్టాక్‌లోని గోల్డ్ హిల్‌లో ఆ పని ఊరి కమ్మరికి అప్పజెప్పారు. పుస్తకం సెలూన్‌లో బార్ వెనక అరమీద ఉండేదట, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని, వెండి సిర పక్కకి తిరిగిందని తెలిస్తే తమ హద్దు కూడా అటే తిప్పి దిద్దుకునేవారట. కామ్‌స్టాక్‌లోనే ఉన్న వర్జీనియా సిటీ ఊరి విలేకరి డాన్ డి క్విల్ రాసిపెట్టిన సంగతి ఇది. ఆ తర్వాత కామ్‌స్టాక్‌లో హద్దుల కేసులు ఏళ్ల తరబడి నడిచాయంటే నాకు ఆశ్చర్యం లేదు.

1872 ఫెడరల్ గనుల చట్టం వచ్చాక ఇలా ఇష్టమొచ్చినట్టు రాసుకునే పద్ధతి మారింది. రికార్డులో పేర్లు, తేదీ, ఏదో ఒక కొండో రాతి గుర్తో ఆధారంగా చోటు వివరం ఉండి తీరాలి, సిర పొడవునా 1500 అడుగులు దాటకూడదు, ఏడాదికి 100 డాలర్ల విలువైన పని చేయాలి అని అప్పట్లో పెట్టారు. నేను చూసిన రిజిస్టర్లలో ఆ తేడా కళ్లకి కడుతుంది, తర్వాతి పేజీల్లో ఫలానా వాగు నుంచి ఎంత దూరమో కూడా రాశారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే ఇండెక్స్. క్లెయిం వేసినవాళ్ల పేరులో మొదటి అక్షరం వరకే అమర్చారు, ఆ పైన వచ్చినవి వచ్చినట్టు, గని పేరుతో వెతకడం కుదరదు. ఒక్క క్లెయిం కోసం గంటన్నర పట్టింది. ఒక రిజిస్టర్ మైక్రోఫిల్మ్‌లోనే ఉంది, సగం పేజీలు మసక. లంచ్‌కి మూసేస్తారని ఫోన్‌లో చెప్పలేదు, బయట ఎండలో కూర్చున్నాను. కానీ కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ, పాత మైనింగ్ డిస్ట్రిక్ట్ (తవ్వుకునేవాళ్లు తమ నియమాలతో ఏర్పరచుకున్న ప్రాంతం) పేరు చెప్పగానే ఏ రిజిస్టరో టక్కున చెప్పేశారు, ఆవిడ లేకపోతే ఖాళీ చేతులతో వచ్చేవాడిని.

వెళ్లేవాళ్లు క్లెయిం వేసినవాళ్ల పేర్లు, డిస్ట్రిక్ట్ పేరు, సుమారు ఏడాది రాసుకుని వెళ్లండి. 1976 చట్టం తర్వాతివైతే ఫెడరల్ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌లో కూడా నమోదై ఉంటాయి, అవి ముందు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఉదయం తలుపు తీసేసరికి అక్కడ ఉండండి.