షుగర్ ఫ్రీ సున్నుండలు కొంటున్నారా? డబ్బా మీద స్టిక్కర్ పీకి చూడండి

రోజూ రీల్స్ పెట్టి ఊదరగొట్టే ఆ పేజీ ఏదో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయడం లేదు. నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. సున్నుండలంటే ప్రాణం. ఆర్డర్ పెట్టే ముందు "రోజుకి ఎన్ని తినొచ్చండీ?" అని అడిగితే వచ్చిన జవాబు ఇంకా నా ఫోన్‌లోనే ఉంది: "ఎన్నైనా తినొచ్చు మేడం. ఇందులో సార్బిటాల్ ఉంటుంది, అది గ్లూకోజ్‌ని రక్తంలోకి పోనివ్వదు."

పచ్చి అబద్ధం. సార్బిటాల్ అంటే పంచదారకి బదులు వేసే ఒక తీపి పదార్థం, అది గ్లూకోజ్‌ని ఆపదు. పంచదార వేయకపోయినా మినప్పిండి ఉంది కదా? అందులో దాదాపు సగం పిండిపదార్థమే, అరిగాక అదంతా గ్లూకోజే. ఆ మాట నమ్మి నాన్న భోజనం తర్వాత రెండేసి, మూడేసి తిన్నారు. మీటర్‌లో 260 దాటింది.

తర్వాత పొట్ట ఉబ్బరం, ఆపైన నీళ్ల విరేచనాలు. సార్బిటాల్ పేగుల్లో పూర్తిగా ఇంకదు. మిగిలింది నీటిని లాగేస్తుంది, బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్. 20 గ్రాములు చాలు, చాలామందికి కడుపు పాడవడానికి. నాన్న పొద్దున్నే షుగర్ తగ్గించే మాత్ర గ్లిమిపిరైడ్ వేసుకున్నారు, ఆ తర్వాత తిండి సహించలేదు. సాయంత్రానికి ఒళ్లంతా చెమట, గ్లాసు పట్టుకోలేనంత వణుకు. మీటర్‌లో చూస్తే షుగర్ 58కి పడిపోయింది.

అమ్మ కంగారులో తీపి కదా అని ఆ సున్నుండే నోట్లో పెట్టబోయింది. ఫోన్‌లో ఉన్న డాక్టర్ గారు "అది వద్దమ్మా, మామూలు పంచదార మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించండి" అన్నారు. సార్బిటాల్ మెల్లగా ఇంకి, కాలేయంలో ముందు ఫ్రక్టోజ్‌గా మారి, అందులో కొంతే గ్లూకోజ్ అవుతుందట. షుగర్ పడిపోయినప్పుడు అంతసేపు ఆగితే మనిషి దక్కుతాడా?

మర్నాడు ఆ పేజీ వాళ్లకి ఫోన్ చేశాను. గొంతు పెంచలేదు, జరిగింది చెప్పానంతే. అవతలి మనిషి పూర్తిగా విననైనా వినలేదు. "మా సరుక్కి వంక పెట్టకండి. పెద్దాయన పొట్ట బాగోకపోతే మేమేం చేస్తాం?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్. ఆ కోపంలోనే డబ్బా తీసి అటూ ఇటూ తిప్పాను. వెనక "పండగ ఆఫర్" అని మెరిసే స్టిక్కర్. గోరుతో పీకితే కింద సన్నటి అక్షరాలు: స్వీటెనర్ ఐఎన్ఎస్ 420, అంటే సార్బిటాల్ కోడ్ నంబరే. దాని పక్కనే, పాలియాల్స్ (సార్బిటాల్ లాంటి స్వీటెనర్లు) వల్ల విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక. అంటే తెలుసు. తెలిసే దాని మీద స్టిక్కర్ అంటించి, ఎన్నైనా తినమన్నారు.

మా బంధువుల్లో ఒకరు, సార్బిటాల్ తింటే కళ్లు పోతాయని ఇంకో భయం పెట్టారు. డాక్టర్ గారిని అడిగితే, తిన్న సార్బిటాల్ వెళ్లి కంట్లో చేరడం కాదన్నారు. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే కంటి లెన్స్‌లోకి, నరాల్లోకి ఇన్సులిన్‌తో పని లేకుండానే దూరిపోతుంది. అక్కడ ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. అది కణం దాటి తేలిగ్గా బయటికి రాలేదు, నీటిని లోపలికి లాగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి శుక్లాలు రావడానికి అదొక కారణం. నాన్నకి ఇప్పటికే ఒక కంటికి ఆపరేషన్ అయింది. కాబట్టి కంటికి ముప్పు, అదుపు తప్పిన గ్లూకోజ్‌తోనే. అలాంటి మనిషిని ఎన్నైనా తినమనడానికి వాళ్లకి నోరెలా వచ్చింది?

ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కంప్లైంట్ పెట్టాను. డబ్బా, స్టిక్కర్, చాట్ అన్నీ దాచాను.

కొనేవాళ్లు లేబుల్ ఫొటో అడగండి, పంపకపోతే వదిలేయండి. 420 అంటే సార్బిటాల్, 965 అంటే మాల్టిటాల్, అది కూడా షుగర్ పెంచుతుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లుంటే ఇంట్లో గ్లూకోజ్ పొడి చేతికందేలా పెట్టుకోండి. విరేచనాలై తిండి తినలేకపోతే ఆ పూట మాత్ర సంగతి డాక్టర్‌ని వెంటనే అడగండి.